నాలుగు పక్కలు

"కప్పు కడిగినా ఓడినట్టే, అత్తయ్యా. దుప్పటి మడత పెట్టినా ఓడినట్టే," అంది కోడలు, ఓడ పైఅంతస్తులో ఆరుబయట పడక కుర్చీలో కాళ్లు బారజాపుకుని.

"నా సంగతి సరేలే. నీ చేతులు ఊరుకుంటాయా?" అంది అత్తగారు.

అంత పెద్ద ఓడ. నీళ్ల మీద ఏడంతస్తుల మేడ కదిలిపోతున్నట్టుంది. వండేవాళ్లు వేరే, వడ్డించేవాళ్లు వేరే, పక్కలు సర్దేవాళ్లు వేరే. ఇలాంటి చోటికి తీసుకొచ్చినా, కాఫీ కప్పులు నేను కడుగుతానంటే నేను కడుగుతానని పొద్దున్నే ఇద్దరూ వాదులాడుకుంటుంటే కొడుక్కి విసుగొచ్చి తీర్పు చెప్పేశాడు. సాయంత్రం భోజనాల గంట కొట్టేలోగా ఎవరు పనిలో చెయ్యి పెడితే వాళ్లు, ఇంటికెళ్లాక నెల రోజులు వంటింటి గడప తొక్కకూడదు.

అత్తగారికి వంటింటి బెంగ పట్టుకుంది. నెల రోజుల్లో ఈ పిల్ల తన డబ్బాలన్నీ ఏ మూలకి తోసేస్తుందో. మామగారైతే తీర్పు విని, తింటున్న రొట్టె సగంలో ఆపేసి, నడుం పట్టేసింది గదిలోనే ఉంటానంటూ లేచి వెళ్లిపోయారు.

పదకొండింటికల్లా అత్తగారి చేతులు దురద పెట్టసాగాయి. ఎదురు కుర్చీలో ఎవరిదో తడి తువ్వాలు ముద్దలా పడి ఉంది. చూసింది. తల తిప్పుకుంది. మళ్లీ చూసింది. నల్లకళ్లద్దాల వెనకనించి కోడలు తననే కనిపెడుతోందని తెలిసి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం కోడలికి కునుకు పట్టింది.

"కాళ్లు తిమ్మిరెక్కాయిరా, అలా తిరిగొస్తా," అని కొడుకుతో చెప్పి, అత్తగారు తిన్నగా గదికి నడిచింది. పొద్దున చెదిరిన పక్కలు చెదిరినట్టే ఉంటాయి. ఒక్కటి, ఒకే ఒక్కటి సర్దుకుంటే ప్రాణం కుదుటపడుతుంది. మామగారు తప్ప ఎవరు చూడొచ్చారు, గదులు సర్దే అమ్మాయే సర్దిందనుకుంటారు.

తలుపుకి 'లోపలికి రావద్దు' అనే అట్ట వేలాడుతోంది. మామగారు భోజనానికి వెళ్లినట్టున్నారు, గదిలో లేరు. తీరా చూస్తే నాలుగు పక్కలూ సర్దే ఉన్నాయి.

సర్దడమా అది? దుప్పటి ఓ వైపు నేల తుడుస్తోంది, రెండోవైపు పరుపు బయటికి తొంగిచూస్తోంది. దిండ్లు ఒకదాని నెత్తిన ఒకటెక్కి కూర్చున్నాయి. ఇక చేతులు ఆవిడ మాట వినలేదు. నాలుగూ పీకి, దులిపి, అంచులు లోపలికి దోపి, అరచేత్తో నున్నగా రాసి, చప్పుడు కాకుండా బయటపడింది.

సాయంత్రం గంటకి ఇంకా అయిదు నిమిషాలుందనగా అందరూ గదిలో చేరారు. అప్పుడొచ్చింది గదులు సర్దే అమ్మాయి, ఉతికిన తువ్వాళ్లు పట్టుకుని.

"ఏమీ అనుకోకండమ్మా. పొద్దుటినించీ తలుపుకి అట్ట ఉంది, అందుకని అసలు మీ గదిలోకే రాలేదు."

కోడలు నాలుగు పక్కల వంకా చూసింది. "మరి ఇవెవరు వేశారు?"

ఈ పిల్ల వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు? అత్తగారికి దొంగ దొరికిపోయినట్టే అనిపించింది.

"ఏమీ ఎరగనట్టు అడుగుతావేం? అట్ట తగిలించి చాటుగా వేసింది నువ్వు కాదూ? పోనీ వేసినదానివి సరిగ్గా వేశావా? దుప్పట్లన్నీ నేలకి జారవిడిచావు. మధ్యాహ్నం నేనొచ్చి నాలుగూ పీకి మళ్లీ వేసుకోవాల్సొచ్చింది."

అనేశాక నాలిక కరుచుకుంది.

"విన్నావా?" అంది కోడలు మొగుడితో, తాపీగా.

"తను ఆ కుర్చీ వదిలితే ఒట్టమ్మా," అన్నాడు కొడుకు. "పొద్దుటినించీ నేను పక్కనే ఉన్నాగా."

"మరి ముందు వేసిందెవర్రా?"

నలభై ఏళ్లుగా తిన్న కంచం తీసి ఎరగని మామగారు, మూల కుర్చీలోంచి నడుం పట్టుకుని లేచారు.

"నేనేనే. చెదిరిన పక్క చూస్తే నీ చెయ్యి ఆగదని, నిన్ను గెలిపిద్దామని పొద్దున్నించీ ఆ దుప్పట్లతో కుస్తీ పట్టాను. ఇప్పుడు నెల రోజులు కోడలి వంట నేనెలా తినను?"