ఎవరి మీటరు వాళ్లది

"ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టండి!"

మెడలో టేపు, చేతిలో కత్తెరతో టైలరమ్మ మెట్ల కింది మీటరు బోర్డుకు అడ్డంగా నిలబడింది. స్టూలెక్కబోయిన ఇంటి ఓనరు అలాగే ఆగిపోయాడు. ఆయన రెండో చేతిలో మూరెడు వైరు ముక్క ఉంది.

"చినుకు పడితే చాలు, మీ ట్రిప్ స్విచ్ పడిపోతోంది. మీరు చీకట్లో ఉంటారని మాటిమాటికీ మేడ దిగొచ్చి వెయ్యలేక చస్తున్నాను. దాన్ని పీకేసి వైరు నేరుగా కలిపేస్తే పీడ వదిలిపోతుంది."

"అది పడుతోంది కాబట్టే బతికున్నాం. నిన్న జల్లు పడ్డప్పుడు ఫ్రిజ్ తలుపు పట్టుకుని మా అత్తయ్య షాక్ తింది. స్విచ్ పడకపోతే ఈపాటికి గోడ మీద ఫొటో అయ్యేది."

"అసలే నాకు మంచి ఫొటో ఒక్కటీ లేదు," అంది గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్న అత్తగారు.

చలి పోయి ఎండలు ముదరని ఈ రోజులను నమ్మడానికి లేదు. పొద్దున ఎండ, పదింటికి గాలి, మధ్యాహ్నానికి వడగళ్లు. పెద్ద వాన పడకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి వైర్లు, ఎర్తింగు చూపించమని టైలరమ్మ వారం రోజులుగా పోరుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదామె. ఓనరుకేమో ఎలక్ట్రీషియన్ పేరెత్తితేనే ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది.

"మీ కుట్టు మిషన్‌లోనే ఏదో లోపం ఉంది," అన్నాడు.

"అన్నీ పీకేసి చూశాను. బల్బులు కూడా తీసేశాను. అయినా పడింది."

"ఎవరి మీటరు వాళ్లది. మీ కరెంటు గొడవ నాకెందుకు? బయటివాణ్ణి తెచ్చి నా గోడలు కెలికిస్తే మాత్రం ఊరుకోను. నచ్చకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

టైలరమ్మకు ఇల్లూ అదే, కొట్టూ అదే. ముందు గదిలో కుట్టాల్సిన బట్టలు నడుమెత్తున ఉన్నాయి. ఇక్కణ్ణుంచి కదిలితే పదేళ్లుగా వస్తున్నవాళ్లంతా చెల్లాచెదురైపోతారు. అయినా కాలు మాత్రం కదపలేదు.

"ఖాళీ చెయ్యం. దీన్ని ముట్టుకోనివ్వం. ఈ మీటరు మాదేనంటారు కదా?"

"ముమ్మాటికీ మీదే!"

"అయితే పెత్తనమూ మాదే."

మెయిన్ స్విచ్ ఠక్కున కిందికి లాగింది. లోపల ఫ్యాను ఆగిపోయింది. ఫ్యూజులు రెండూ ఊడబీకి అత్తగారి చేతిసంచిలో పడేసింది. అత్తగారు జిప్పు లాగి, సంచిని ఒళ్లో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసింది.

"మనిషి వచ్చి ప్రతి వైరూ చూసేదాకా మాకు కరెంటే వద్దు. మిషను కాలితో తొక్కుకుంటాను."

"నేను చీకట్లో కూడా తిట్టగలను," అంది అత్తగారు.

ఓనరు ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. గొంతు మాత్రం ఒక్కసారిగా తేనె పూసుకుంది.

"అలా మొండికెయ్యకమ్మా. పెద్దావిడ, ఉక్కపోతకి తట్టుకోలేరు. ఆ ఫ్యూజులు ఇలా ఇవ్వండి."

"మా ఉక్క మేం పడతాం. మధ్యలో మీకెందుకండీ ఇంత బాధ?"

ఆయన నోరు తెరిచేలోపే మేడ మీంచి ఓనరు భార్య కేక వినిపించింది.

"ఏవండీ! త్వరగా ఆ కింది స్విచ్ వేసి రండి, మన వాషింగ్ మెషీన్ ఆగిపోయింది!"