నిజం గుంత

స్పీడు బ్రేకర్లు పోయి రోడ్ల మీద బొమ్మ గుంతలు వచ్చి ఇరవై ఏళ్లయింది. మా టౌనులో వాటిని గీసేది నేనే. మొదట్లో బండ్లు భయపడి ఆగేవి. ఇప్పుడు పిల్లలు వాటి మీద తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

నిన్న పొద్దున బడి ముందు రోడ్డు నిజంగానే కుంగిపోయింది. అడ్డం పెడదామంటే ఇప్పుడు బారికేడ్లు కూడా బొమ్మలే.

"రావద్దు! ఇది నిజం గుంత!" అని అరిచాను.

"బాగా గీసినావులే ఓబులక్కా," అంటూ ఒకాయన స్కూటరు మీద నేరుగా వచ్చాడు. అంచు దగ్గర చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

మా నాయన శిల్పి. గుడి స్తంభం మీద ఎద్దుకూ ఏనుగుకూ కలిపి ఒకే తల చెక్కాడు. "ఏది అనుకుంటే అదే కనపడతాదమ్మా," అనేవాడు. ఆ మాట గుర్తొచ్చింది.

బడి గంటకు పది నిమిషాలే ఉన్నాయి. పక్క అంగట్లో నిమ్మకాయలు తెచ్చి, కోసి, కుంకుమ అద్ది, గుంత చుట్టూ పెట్టాను.

"అమ్మా, అది బొమ్మే!" అని ఒక పాప పరిగెత్తబోయింది.

"బొమ్మయితే ఏమి? నిమ్మకాయలు దాటగూడదు, ఇట్లా రా!" అని తల్లి రెక్క పట్టుకుని పక్కకు లాగింది.

బడికి వచ్చినవాళ్లందరూ అలాగే చుట్టూ తిరిగి వెళ్లారు. ఒక్కరూ గుంతలోకి చూడలేదు.