రెండో రీలు

"తెల్లదారం రీలు మళ్ళీ అయిపోయింది అత్తయ్యా. వారంలో ఇది రెండోది!"

కోడలు కుట్టుమిషను ఆపి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. కిటికీ గడియకు దారం పోగులు తగిలించి, ఇవతలి కొసన పెన్సిలు కట్టి గిరగిరా పురి తిప్పుతున్న అత్తగారు తలెత్తకుండానే ఇంకో నాలుగు చుట్లు తిప్పింది.

"మీ అమ్మాయి కూడా మిషను కొందిగా. ఈ నాలుగు పోగులకే రెండు రీళ్ళు అయిపోతాయా? మిగతా దారం అక్కడికేనా వెళ్తోంది?"

అత్తగారు పోగుల్ని సగానికి మడిచి వదిలింది. రెండు పాయలూ వాటంతటవే మెలికపడి ఒక్క తాడయ్యాయి.

"కాస్త నిటారుగా నిలబడు" అంది.

"మాట మార్చకండి!"

అత్తగారు వంగి, తాడు మడతను కోడలి కాలి దగ్గర నేలకు ఆనించి, పై కొసను ఆమె బొడ్డు దాకా లాగి, అక్కడ ఉచ్చుముడి వేసింది.

"యోయో దారం ఇంతే పొడవుండాలట. బొమ్మల కొట్టాయన చెప్పాడు."

కోడలి ముఖం పాలిపోయింది. "యోయో ఏంటి? ఎవరికి?"

"ఇంకెవరికి, నీకే! వెళ్ళి నీ మిషను సొరుగులో గుడ్డముక్కల కింద దాచావే, దారంతో కిందికీ పైకీ ఆడించే ఆ ఎర్ర చక్రం, పట్రా. దాని దారం తెగిన దగ్గర్నుంచీ నీ మొహంలో కళే లేదు. నాకు పురి కుదిరేసరికి రెండు రీళ్ళు పట్టాయి."

"మీరు... చూశారా?"

"తలుపేసుకుని ఏం చేస్తున్నావోనని నాకూ అనుమానమేగా! తాళంచెవి కన్నంలోంచి చూసి చూసి మెడ పట్టేసింది. ఇకనుంచి హాల్లో ఆడు తల్లీ."