లిస్టులో ఇద్దరు

మా తలుపుకి ‘లోపలికి రావద్దు’ అన్న కాగితం అంటించి పదకొండు రోజులైంది. ఆరోగ్యశాఖ కాల్ సెంటర్ అమ్మాయి రోజూ పదింటికి ఫోన్ చేస్తుంది. ఆ రోజూ అవే ప్రశ్నలు.

“మీకు జ్వరం ఎంతుందమ్మా?”

“తొంభై ఎనిమిది.”

“మీ వారికి?”

ఒళ్లు మండిపోయింది. “మీవాళ్లే ఆస్పత్రికి తీసుకెళ్లారు. మీవాళ్లే పోయారని చెప్పారు. మొహం కూడా చూడనివ్వలేదు. నాలుగు రోజులుగా మొత్తుకుంటున్నాను. పోయిన మనిషికి జ్వరం ఎంతని అడగడానికి నీకు నోరెలా వస్తోంది?”

“సారీ అమ్మా. లిస్టులో ఇంకా ఇద్దరనే ఉంది. పేరు తీసెయ్యమని పైవాళ్లకి చెప్తూనే ఉన్నాను.”

“రేపు మళ్లీ అడిగావంటే మర్యాదగా ఉండదు,” అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పదింటికి ఫోన్ మోగింది. తిట్టాల్సినవన్నీ ముందే కూడబెట్టుకుని ఎత్తాను.

“మీకు జ్వరం ఎంతుందమ్మా?”

“తొంభై ఎనిమిది.”

“భోజనం, మందులు అందుతున్నాయా?”

“అందుతున్నాయి.”

“మంచిదమ్మా, ఉంటాను.”

ఇన్ని రోజుల్లో ఆయన ఊసెత్తిన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

“ఆగు,” అని అరిచాను. “మావారి జ్వరం అడగవేం?”