నక్క బట్టీకి బడి గింజలు

పోలి అనే చీమపిల్ల అంతకుముందెన్నడూ ఏమీ రాసి ఎరగదు. ఆ రోజు మాత్రం ఎండుటాకు మీద రాసి, బడి పెద్ద గండుచీమకు ఇచ్చింది: "మన బడి గింజల్ని నక్క బొగ్గుల బట్టీలో పెట్టుబడి పెట్టకండి. అది అడవిని కాల్చేస్తోంది."

గండుచీమ నవ్వింది. "నక్క ఏటా రెండింతలిస్తోంది. అవి తినే చదువుకున్నావు కదుటే! ఇన్నాళ్లూ పొగ వాసన రాలేదా?"

పోలి ఒప్పుకుంది. "తిన్నానండీ. అందుకే అడుగుతున్నాను. అడవే పోతే చదువెందుకండీ?"

"నోరు లేచిందే! రేపు బట్టీకి మోసే బారుకి ముందు నువ్వే నడు."

మర్నాడు పొద్దున్నే పోలి గింజ నెత్తికెత్తుకుని ముందు నడిచింది. పొగ కనపడగానే గిరుక్కున వెనక్కి తిరిగింది. ముందున్న చీమ ఎటు పోతే అటే పోయే బారు మొత్తం, గింజలతో సహా దాని వెనకే తిరిగింది.