ఆరిన రియాక్టరు పక్కన

ఆ రాత్రి రియాక్టరు ఆపేశారు. ఇక దాన్నుంచి న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు రావు. అవి తగిలితే మెరిసే జెనాన్ ట్యాంకులో మెరుపులు సద్దుమణిగితేనే ఉల్యానా నాలుగేళ్ల పరిశోధన నిలుస్తుంది. ట్యాంకున్న నేలమాళిగలో ఆమె ఒక్కతే కాపలా.

మెరిసినప్పుడల్లా మోగే పెట్టె టక్కుమంది. ఆగకుండా టక్కుమంటూనే ఉంది.

రియాక్టరు నడిపే గదికి ఫోన్ చేసింది. "యెగోర్ బాబాయ్, నిజంగానే ఆపారా?"

"ఆపకపోతే కాళ్లు చాపుకుని టీ తాగుతానా తల్లీ?"

"మరి ఇక్కడ కొడుతున్నదెవరు?"

"నన్నడుగుతావేం? దాన్నే అడుగు!"

ఉల్యానా శిలువ గుర్తు వేసుకుని ట్యాంకు వైపు తిరిగింది. "అయ్యా, ఎవరైనా సరే, నా థీసిస్ మునిగిపోతోంది. రియాక్టరు మళ్లీ రాజేసేదాకా కాస్త ఊరుకోండి."

పెట్టె ఊరుకుంది.

థీసిస్ గట్టెక్కింది. మర్యాదకైనా ధన్యవాదాలు చెప్పాలి. కానీ లోపల్నుంచి "పర్లేదమ్మా" అని వినిపిస్తే?

ఉల్యానా రెండు చేతులతో నోరు మూసుకుంది.