ఏదోటి

విశాఖ సంగీతోత్సవంలో ఇప్పుడు ఎవరి కార్యక్రమం వాళ్లది. మన అభిరుచి తెలిసిన, మాట్లాడే చెవిపోగు మనకు నచ్చే బృందం దగ్గరికే నడిపిస్తుంది. ఒక్కరూ వినని బృందానికి మరుసటి ఏడు వేదిక ఉండదు.

చేపలమ్మి అలసిపోయి వచ్చిన పైడమ్మను "ఏం వింటారు?" అని అడిగింది చెవిపోగు.

"ఏదోటి పెట్టెహె!" అని విసుక్కుంది పైడమ్మ.

ఆ మాటే పేరనుకున్న చెవిపోగు ఆమెను చిట్టచివరి వేదికకు తీసుకెళ్లింది. అక్కడ ముగ్గురమ్మాయిలు వినేవాళ్లు లేక డప్పులు సర్దేసుకుంటున్నారు. వెనక బోర్డు మీద వాళ్ల బృందం పేరు: 'ఏదోటి'.

"ఇదేటి పేరమ్మా?"

"మా పేరడిగి ఎవరొస్తారు పిన్నీ? ఈ మాటైతే ఎవరో ఒకరు అనకపోరని పెట్టుకున్నాం," అంది ఒకమ్మాయి, సంచిలోంచి డప్పు మళ్లీ తీస్తూ.

పైడమ్మ తట్ట పక్కన పెట్టి చతికిలబడింది.

"ఏదోటి కాదు. మీకు బాగా నచ్చింది పాడండర్రా."